నెత్తి మీద గంప, గుమ్మం మీద కన్ను

ఒక చిన్న బస్సు మా ఊరు వదిలి వెళ్ళిపోకుండా ఆపడానికి నేను ఒక్క రోజులో రెండు ఆటోలు, ఒక రైలు, నాలుగు పెద్ద బస్సులు ఎక్కాను. మోకాళ్ళకి మందు రెండుసార్లు రాసుకున్నాను. ఇదే దారిలో వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని వేళలతో సహా రాస్తున్నాను. వేళలన్నీ నా చేతి గడియారం ప్రకారం. అది రోజుకి అర నిమిషం వెనకబడుతుంది, ప్రతి ఆదివారం పొద్దున్న సరిచేస్తాను. ప్రయాణం చేసింది బుధవారం కాబట్టి చదివేవాళ్ళు ప్రతి వేళకీ ఒకటిన్నర నిమిషం కలుపుకోవాలి.

ముందు ఆ బస్సు సంగతి చెప్పాలి. బందరు కోనేరు సెంటరులో ఇరుకు ఇవాళ్టిది కాదు. నా చిన్నతనంలో జట్కాలు అడ్డమన్నారు, రిక్షాలు వచ్చాయి. రిక్షాలు అడ్డమన్నారు, ఆటోలు వచ్చాయి. ముగ్గురు కూర్చోవలసిన ఆటోలో వెనక ఒక బల్ల వేసి పదకొండు మందిని ఎక్కించడం మొదలయ్యాక ఆటోలే అడ్డమయ్యాయి. తర్వాత వన్‌వే పెట్టారు. అందరూ రెండు వీధులు చుట్టి వచ్చి మళ్ళీ అదే సెంటరులో కలుసుకునేవారు. ఒక ఇబ్బందికి మందుగా వచ్చినదే కొన్నాళ్ళకి తనే ఇబ్బందిగా మారడం నేను ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. అయిదోసారి ఏం వస్తుందా అని ఎదురుచూస్తుండగా, మూడు నెలల కిందట ట్రయల్ పేరుతో చిన్న కరెంటు బస్సు వచ్చింది.

ఇరవై రెండు సీట్లు. చప్పుడు లేదు, పొగ లేదు. బస్టాండు నుంచి కోనేరు సెంటరు మీదుగా చేపల హార్బరుకి వెళ్ళి, తిరిగి వస్తుంది. ట్రయల్ కాబట్టి టిక్కెట్టు లేదు, కండక్టరు లేడు. గుమ్మం పైన నల్లటి కన్నొకటి బిగించారు. ఎంతమంది ఎక్కారో, ఎంతమంది దిగారో అదే లెక్కపెట్టి గుడివాడలో ఉన్న ట్రయల్ ఆఫీసుకి పంపుతుంది. లోపల ఎంతమంది ఉన్నారో డ్రైవరు వెనక చిన్న తెర మీద మనకీ కనిపిస్తుంది.

మోకాళ్ళ డాక్టరు నన్ను రోజూ పొద్దున్నే బయటికి వెళ్ళి గాలి పీల్చమన్నారు. నడవమని కూడా అన్నారు, దానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. అందుకని అయిదూ ఇరవైకి మా వీధి మలుపులో ఈ బస్సెక్కి, హార్బరు దాకా వెళ్ళి, అదే బస్సులో తిరిగి వచ్చి ఎక్కిన చోటే దిగేదాన్ని. గాలి మాత్రం పూర్తిగా పీల్చాను.

నేను మునిసిపల్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు జనన మరణాల రిజిస్టరు రాసి రిటైరయ్యాను. అంకె కనిపిస్తే సరిచూడకుండా ఉండలేను. ఒకరోజు హార్బరు దగ్గర చేపల గంపలతో పద్దెనిమిది మంది ఆడవాళ్ళు ఎక్కారు. తెర వంక చూస్తే ఒకటి అని ఉంది. మర్నాడూ ఒకటే. ఆ మర్నాటి నుంచి పుస్తకం తీసుకెళ్ళాను. పన్నెండు రోజులు, గంపతో ఎక్కిన ప్రతి మనిషికీ ఒక గీత గీశాను. మొత్తం రెండు వందల పదకొండు గీతలు. యంత్రం లెక్కలో వీళ్ళలో ఒక్కరూ లేరు.

పదమూడో రోజు మంగళవారం. బస్సులో కాగితం అంటించి ఉంది. హార్బరు నుంచి ప్రయాణికులు లేనందువల్ల గురువారం నుంచి ఈ బస్సును అవనిగడ్డకి మారుస్తున్నారని.

మార్కెట్టులోనూ మా వీధిలోనూ చేపలమ్మే నాంచారమ్మ ఆ కాగితాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుంది. నేను చేపలు తినను. అయినా పదహారేళ్ళుగా ఆమె మా అరుగు మీద గంప దించి మంచినీళ్ళు తాగి వెళ్తుంది కాబట్టి మాకు పరిచయం. ఈ బస్సు రాకముందు హార్బరు నుంచి ఆటోల్లో వచ్చేవాళ్ళు. ఆటో నిండేదాకా కదలదు. మార్కెట్టుకి చేరేసరికి నీడ ఉన్న వరస నిండిపోయేది, మిగిలిన ఎండలో కూర్చునేది. బస్సు వచ్చాక ఆరున్నరకల్లా నీడలో చోటు దొరుకుతోంది. మూడు నెలలుగా ఒక్క చేప పారేయలేదట.

"ఆటోవాడు నాకొక సీటు, గంపకొక సీటు రాస్తాడు మామ్మగారూ," అంది. "ఈ బస్సేమో అసలు నన్నే రాయలేదంటుంది. ఎండలో కూర్చుంటే పదింటికల్లా అది చేప కాదండి, ఎండుచేపే."

పుస్తకం పట్టుకుని గుడివాడ వెళ్దామన్నాను.

బుధవారం ఉదయం ఆరున్నరకి నాంచారమ్మ వచ్చింది. నెత్తి మీద గంప ఉంది. ఖాళీ గంప ఎందుకని అడిగితే, నెత్తి మీద ఏమీ లేకపోతే తనకి నడక సరిగా పడదంది. చూస్తే గంప పూర్తిగా ఖాళీ కాదు. అడుగున కాగితంలో కట్టిన ఎండు రొయ్యలున్నాయి. ఇంజనీరు గారి కోసమట. వినతిపత్రం ఇచ్చే చేత్తో ఇంకేమీ ఇవ్వకూడదని, ఇస్తే నేను అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేస్తానని చెప్పాను. సరేనని తలూపింది. పొట్లం మాత్రం గంపలోనే ఉండిపోయింది. దాని వాసన రోజంతా మాతోనే ప్రయాణం చేసింది.

ఆరూ యాభైకి ఆటో, ఏడూ అయిదుకి స్టేషన్. గుడివాడకి మనిషికి పది రూపాయల టిక్కెట్టు. రైలు ఏడూ ఇరవైకి సరిగ్గా కదిలింది. కిటికీ పక్క సీటు దొరికింది. కొంత నా వయసు వల్ల, ఎక్కువ భాగం నాంచారమ్మ గంప వల్ల. సామాను బల్ల మీద గంప పెట్టబోతే కింద కూర్చున్నవాళ్ళు వద్దన్నారు. అందుకని ఆమె గంప నెత్తి మీదే పెట్టుకుని కూర్చుంది.

పెడనలో ఒకాయన బరువైన గోతం మోసుకుంటూ ఎక్కి మా ఎదురుగా కూర్చున్నారు. కలంకారీ అద్దకం పనివారు. గోతంలో ఉన్నవి చెక్క అచ్చులు. గుడివాడలో ఒక స్కూలు పిల్లలకి అద్దకం చూపించడానికి తీసుకెళ్తున్నారట. గంప వాసనకి ముక్కు మూసుకున్నవాళ్ళు కూడా గోతం విప్పితే దగ్గరికి జరిగారు. నాంచారమ్మ ఒక అచ్చు చేతిలోకి తీసుకుని పిడి వైపు నుంచి చూసి, ఇది వట్టి చెక్కేగా అంది.

"పైనుంచి చూస్తే అంతేనమ్మా," అన్నారాయన. "పువ్వంతా కిందుంటది."

నేను నాంచారమ్మ నెత్తి వైపు చూశాను. లేచి నిలబడి ఇంకోసారి పైనుంచి చూశాను. పైనుంచి చూస్తే గంప తప్ప ఏమీ కనిపించలేదు. మనిషంతా కింద ఉంది. గుమ్మం మీది కన్ను కూడా పైనుంచే చూస్తుంది. ఏడూ యాభై రెండుకి ఈ విషయం పుస్తకంలో రాశాను. పన్నెండు రోజులుగా లెక్క తప్పని తెలుసు కానీ ఎందుకు తప్పో తెలిసింది అప్పుడే. ఆయనకి కృతజ్ఞతలు చెప్పాను. దేనికో ఆయనకి అర్థం కాలేదు. గోతం జరిపి నాకు కాళ్ళు చాపుకునే చోటు ఇచ్చారు.

ఎనిమిదీ ఇరవై అయిదుకి గుడివాడ. స్టేషన్ ఎదురుగా హోటల్లో చెరో ప్లేటు ఇడ్లీ తిన్నాం. చట్నీ పలచన, ఇడ్లీ మంచిది. అక్కణ్ణుంచి ఆటో ఎక్కాం. రెండు నిమిషాలు వెళ్ళామో లేదో రైల్వే గేటు పడింది. పద్నాలుగు నిమిషాలు ఆగాం. ఈ లోపల ఆటోకి అటూ ఇటూ ఉన్న సందుల్లో మోటారు సైకిళ్ళు దూరి, గేటు తెరిచే సమయానికి అవతలివైపు వాళ్ళకీ మాకూ మధ్య దారన్నది లేకుండా చేశాయి. గుడివాడ వెళ్ళేవాళ్ళు ఆ సమయంలో నడవగలిగితే నడవడం మంచిది.

ట్రయల్ ఆఫీసు ఒక మందుల షాపు మీద, మేడ మీది గదిలో ఉంది. ఇరవై ఒక్క మెట్లు. పదింటికి తీశారు. అక్కడ ఒక అమ్మాయి ఉంది, ఉద్యోగి, మర్యాద తెలిసిన మనిషి. కుర్చీలు వేసి, ఫ్యాను మా వైపు తిప్పి, ఆ తర్వాత గంప ఉన్న వైపు నుంచి ఫ్యానుని మళ్ళీ తనే తిప్పుకుంది. గోడ మీద పెద్ద తెర. బందరు మ్యాపు మీద మా బస్సు ఆకుపచ్చ చుక్కలా కదులుతోంది. కోనేరు సెంటరు దగ్గర ఆ చుక్క ఆగింది. ఆగిన చోటు చూసి నాకు ఇంటి దగ్గర ఉన్నట్టే అనిపించింది.

నా పుస్తకం చూపించాను. ఆమె శ్రద్ధగానే తిరగేసింది. తర్వాత కంప్యూటరులో చూసి, సిస్టంలో అలా లేదండీ అంది. హార్బరు నుంచి వచ్చే మొదటి ట్రిప్పులో రోజుకి సగటున ఒక్కరే ఉన్నారట.

"ఆ సగటు నేనేనమ్మా," అన్నాను.

ఆమె ఇంకో పేజీ తెరిచింది. ఆ ఒక్కరు కూడా ఎక్కిన చోటే దిగినట్టు ఉందని, అలాంటివాటిని సిస్టం పొరపాటు కింద లెక్కకట్టి తీసేస్తుందని, కాబట్టి నిజానికి సగటు సున్నా అని చెప్పింది. ముప్పై ఒక్క ఏళ్ళలో బందరు ఊళ్ళో పుట్టిన ఒక్క శిశువునూ నేను వదిలిపెట్టలేదు. అలాంటి నన్ను పొరపాటని కొట్టేశారు. నాంచారమ్మ నా భుజం తట్టి, నాతో కలిశారు మామ్మగారూ అంది.

ఇంజనీరు గారు ఎక్కడని అడిగితే, అవనిగడ్డ వెళ్ళారట. కొత్త స్టాపులు కొలుస్తున్నారు. ఫోను రెండుసార్లు చేసి చూసింది, తగల్లేదు. బస్సు మార్చే ఉత్తర్వు సాయంత్రం నాలుగింటికి ఆయనే పంపుతారు. ఒకసారి పంపాక తిరిగి మార్చాలంటే పై ఆఫీసుకి రాయాలట, దానికి ఎన్నాళ్ళు పడుతుందో తనకి తెలియదంది. అప్పుడు పదీ ఇరవై అయింది. మాకు ఉన్నది అయిదు గంటల నలభై నిమిషాలు.

పదీ నలభై అయిదుకి పామర్రు బస్సు దొరికింది. ఆడవాళ్ళకి టిక్కెట్టు ఉచితం కాబట్టి బస్సు నిండా ఆడవాళ్ళే. కండక్టరు మెషీన్ నొక్కి నాకూ నాంచారమ్మకీ చెరో సున్నా టిక్కెట్టు ఇచ్చారు. ఒకప్పుడు రంగు రంగుల టిక్కెట్లకి చిల్లు పెట్టి ఇచ్చేవారు. తర్వాత ఈ మెషీన్ వచ్చింది. ఇప్పుడు నిలబడ్డవాళ్ళు ఫోను చూపించి డబ్బు కడుతున్నారు. అన్నిటికన్నా నాకు ఈ సున్నా టిక్కెట్టే నచ్చింది. డబ్బు సున్నా అయినా మనిషి ఒకటి అని అందులో రాసి ఉంటుంది. నాంచారమ్మ గంప ఒళ్ళో పెట్టుకుంది. పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డ పెద్దాయన మా టిక్కెట్ల వంక చూసి, "మేం డబ్బిచ్చి నిలబడాలి, మీరు ఊరికే కూర్చోవాలి. బావుందండీ లెక్క," అన్నారు. యాభై ఏళ్ళుగా ఇంట్లో దీనికి తిరగబడ్డ లెక్కే నడిచిందని నాంచారమ్మ జవాబు చెప్పింది. ఆయన పామర్రు దాకా కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు.

పదకొండూ ఇరవైకి పామర్రు. పదకొండూ నలభైకి చల్లపల్లి బస్సు. కూచిపూడి దాటాక రెండు వైపులా చేలు, మధ్యలో కాలవ. ఘంటసాల వైపు వెళ్ళే మలుపు దగ్గర నలుగురు దిగి ఆరుగురు ఎక్కారు. పన్నెండూ ముప్పై అయిదుకి చల్లపల్లి. బస్టాండు దగ్గర మెస్సులో భోజనం చేశాం. పప్పు బాగుంది, గోంగూరలో ఉప్పెక్కువ. నాంచారమ్మ చేపల పులుసు రుచి చూసి, చేప నిన్నటిదని వడ్డించే ఆయనకి చెప్పింది. ఆయన కాదన్నారు. ఆమె చేప మొప్ప సంగతి చెప్పింది. ఆయన ఆమె భోజనానికి డబ్బు తీసుకోలేదు.

ఒంటిగంటా ఇరవైకి అవనిగడ్డ బస్సు. రెండుకి ముందే చేరతామని డ్రైవరు గారు చెప్పారు. మోపిదేవి దాకా అది నిజమే. పులిగడ్డ ఆక్విడెక్టు, అంటే నది పాయ మీదుగా కాలవని దాటించే వంతెన, దాని మీద దారి ఇరుకు. రెండు పెద్ద బళ్ళు పక్కపక్కన పట్టవు. మా బస్సు కొంత దూరం వచ్చాక ఎదురుగా గడ్డి వేసుకున్న ట్రాక్టరు వచ్చింది. బస్సు వెనక లారీ, లారీ వెనక ఆటోలు. ట్రాక్టరు వెనక మాత్రం ఎవరూ లేరు. ఎవరు వెనక్కి వెళ్ళాలో చిన్నపిల్లలైనా చెప్పగలరు. కానీ ట్రాక్టరాయన ఇంజను ఆపి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఒంటిగంటా నలభై ఎనిమిదికి ఆగాం. రెండూ పదికి ఇంకా ఆగే ఉన్నాం. ఈ ఇరుక్కి యంత్రమూ లేదు, సిగ్నలూ లేదు. బస్సులో ఉన్నవాళ్ళంతా ఫోన్లు తీసి చూసుకుంటున్నారు. ఒకరి ఫోనులో మేమున్న దారి ఎర్ర గీతలా కనిపించిందట. ఆ సంగతి కిటికీలోంచి చూసినా తెలిసేదే.

రెండూ పన్నెండుకి నాంచారమ్మ గంప నెత్తికెత్తుకుని దిగింది. నేనూ మెట్టు దాకా వెళ్ళాను.

"ఏం బావా, వెనక్కి పోయే గేరు లేదా నీ బండికి?" అని అడిగింది.

"ఉంది. బస్సుని పొమ్మను," అన్నాడతను.

"బస్సులో అరవై మందున్నారు. అరవై మందిని వెనక్కి నడిపిస్తావా, నువ్వొక్కడివి నడుస్తావా?"

"రోజూ నేనొక్కణ్ణేగా అక్కా వెనక్కి పోయేది," అన్నాడు. "పొద్దుట్నుంచి మూడోసారి. బస్సుకైతే అరవై మందుంటారు, లారీకైతే లోడుంటది. నాకు గడ్డుంది. గడ్డి ఎవడికీ లెక్కలేదు."

 ఆ మాట నాంచారమ్మకి తెలిసిన మాటే. గంప దించి, అడుగునున్న పొట్లం తీసి అతని చేతికిచ్చింది. ఊరికే పోవద్దులే, ఇంటికి తీసుకెళ్ళి వంకాయలో వేయించుకోమంది. అతను పొట్లం వాసన చూసి ఇంజను వేశాడు. ట్రాక్టరు నాలుగు నిమిషాల్లో వెనక్కి వెళ్ళి దారిచ్చింది. బస్సులో ఉన్నది నిజానికి యాభై మూడు మంది. సరిచేద్దామనుకున్నాను కానీ అప్పటికే ట్రాక్టరు కదలడంతో ఊరుకున్నాను.

రెండూ ముప్పై అయిదుకి అవనిగడ్డ. బస్టాండులో మా బస్సుకి కవల లాంటి బస్సొకటి నిలబడి ఉంది, నమూనా కోసం తెచ్చింది. ఇంజనీరు రవికుమార్ గారు టేపు పట్టుకుని నేల మీద సున్నం గీతలు గీయిస్తున్నారు. నలభై ఏళ్ళు ఉంటాయి. నేను పేరు, రిటైరైన ఉద్యోగం చెప్పి పుస్తకం ఇచ్చాను. నిలబడే పన్నెండు పేజీలూ చూశారు. చేతిరాత బాగుందన్నారు. తర్వాత అసలు మాట చెప్పారు.

"మేడం, మనిషి అయితే అలిసిపోతాడు, రాత తప్పుతాడు. ఇది అలిసిపోదు."

"అలిసిపోకుండా తప్పు చేస్తోంది బాబూ," అన్నాను. "ఒక్క పావుగంట ఇవ్వండి. ఇక్కడే చూపిస్తాను."

మూడింటికి పరీక్ష మొదలైంది. టీ కొట్టు దగ్గరివాళ్ళు గ్లాసులతో సహా వచ్చి చుట్టూ నిలబడ్డారు. ముందు నేను ఎక్కి కూర్చున్నాను. తెర మీద ఒకటి పడింది. తర్వాత నాంచారమ్మ నెత్తి మీద గంపతో ఎక్కింది. తెర మీద ఒకటే. ఇంజనీరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇప్పుడు రోజూ మార్కెట్టు దగ్గర దిగినట్టే దిగమని ఆమెకి చెప్పాను. చేపలవాళ్ళు బరువు గంపతో మెట్లు దిగరు. గంపని గుమ్మం దగ్గర దించి, మనిషి ముందు దిగి, కింద నిలబడి గంప అందుకుంటారు. ఆమె అలాగే దిగింది. తెర మీద సున్నా పడింది. నేను లోపల కూర్చునే ఉన్నాను.

"పుట్టుక రాయలేదు, చావు మాత్రం రాసింది," అన్నాను. "మా ఆఫీసులో ఇలా చేస్తే మెమో ఇచ్చేవారు. పైగా ఆవిడ చావు నా ఖాతాలో రాసింది."

టీ గ్లాసులవాళ్ళు నవ్వారు. ఇంజనీరు గారు నవ్వలేదు. అది నాకు ఆయనలో నచ్చింది. లాప్‌టాప్ తెరిచి అరగంట చూశారు. వెడల్పుగా ఏదైనా వస్తువు కింద నుంచి వెళ్తే సామాను అనుకుని, అది గుమ్మం దాటేదాకా కన్ను రెప్ప వేసుకునేలా పెట్టారట. పెట్టెలనీ మూటలనీ మనుషులుగా లెక్కపెట్టకుండా ఉండటానికి. కానీ సామాను కింద మనిషి ఉంటుందని ఎవరూ చెప్పలేదట. హార్బరు రూటు వేసేముందు హార్బరులో ఒక పొద్దున్న నిలబడి ఉంటే ఎవరూ చెప్పక్కర్లేకపోయేదని నేననలేదు. నాంచారమ్మ అంది.

ఆ రెప్ప తీసేశానన్నారు. నన్ను దింపి, తెర సున్నా చేసి, మళ్ళీ ఎక్కించారు. నాంచారమ్మని మళ్ళీ గంపతో ఎక్కి, ఎక్కడా ఆగకుండా వెనక సీటు దాకా వెళ్ళమన్నారు. బస్సు ఖాళీ కాబట్టి ఆమె నేరుగా వెళ్ళి అక్కడ గంప దించింది. తెర మీద రెండు, నాతో కలిపి. సరిపోయింది. అన్ని బస్సులకీ అదే పద్ధతి అప్పుడే పంపించారు. మూడూ నలభై ఎనిమిదికి ఉత్తర్వు ఆపేశారు. మా బస్సు బందరులోనే ఇంకో నెల నడుస్తుంది. ఈ నెల లెక్క బాగుంటే శాశ్వతంగా ఉంచమని రాస్తారట. అవనిగడ్డకి ఈ నమూనా బస్సునే ఉంచుతామన్నాక టీ కొట్టువాళ్ళు మాకు కూడా టీ ఇచ్చారు. నాంచారమ్మ ఒక అరటి గెల కొని గంపలో పెట్టుకుంది.

నా సంగతి కూడా అడిగాను. ఎక్కిన చోటే దిగేవాళ్ళని తీసేసే పద్ధతి మాత్రం మార్చడం కుదరదన్నారు. ఎక్కడికీ వెళ్ళనివాళ్ళు ప్రయాణికులు ఎలా అవుతారండీ అన్నారు. నేను పుస్తకం మూసి తీసుకున్నాను.

నాలుగూ నలభైకి బందరు బస్సు. ఆక్విడెక్టు మీద ఈసారి ఎదురు ఎవరూ రాలేదు. చల్లపల్లి దాకా మేలుకుని ఉన్నాను, తర్వాత నిద్రపోయాను. ఆరూ పదిహేనుకి బందరు. ఆరున్నరకి బస్టాండు నుంచి మా చిన్న బస్సు. ఆఫీసుల వేళ, కిక్కిరిసి ఉంది. ఎక్కే ముందు గుమ్మంలోంచి తెర చూశాను, ఇరవై తొమ్మిది. నేను ఎక్కాను, ముప్పై. నా వెనకే నాంచారమ్మ అరటి గెల గంపతో ఎక్కింది, ముప్పై ఒకటి. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. పదహారేళ్ళ పరిచయంలో ఆమె పేరు మొదటిసారి రిజిస్టరుకి ఎక్కినట్టనిపించింది.

లోపలికి వెళ్ళే దారి లేదు కాబట్టి ఆమె రోజూ చేసినట్టే గుమ్మం దగ్గరే గంప కిందికి దించింది. గంప కింద నుంచి తల బయటపడింది. తెర మీద ముప్పై రెండు పడింది.

అవనిగడ్డలో బస్సు ఖాళీ. ఆమె నేరుగా వెనక్కి వెళ్ళింది. నిండు బస్సులో గంప గుమ్మం దగ్గరే దించుతారని నేను ఆలోచించలేదు. పన్నెండు రోజులు ఎదురుగా కూర్చుని చూసి కూడా చెప్పలేదు. తప్పు నాది. రెప్ప లేని కన్ను ముందు గంపని చూసి ఒకటి అనుకుంది, తర్వాత తలని చూసి ఇంకొకటి అనుకుంది.

"గంపక్కూడా సీటు రాసింది మామ్మగారూ," అంది నాంచారమ్మ. "ఆటోవాళ్ళ దగ్గర నేర్చుకున్నట్టుంది."

ఇంజనీరు గారి నంబరు నా దగ్గర ఉంది. ఫోను తీసి నొక్కాను. ఆఖరి అంకె మిగిలి ఉండగా నాంచారమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఇన్నాళ్ళూ నేను లేననుకుంది కదండి," అంది. "ఇంకొన్నాళ్ళు ఇద్దరం ఉన్నామనుకోనీండి."

నేను ఆ అంకె నొక్కలేదు. అలాగని తప్పు లెక్కని తప్పని తెలిసీ వదిలేయడం నా వల్ల కాదు. మా వీధి మలుపు వచ్చేదాకా ఆలోచించాను. ఇంటికి వచ్చి, మోకాళ్ళకి మందు రాసుకుని, ఇంజనీరు గారికి ఉత్తరం రాశాను. గంపను దించినప్పుడు యంత్రం మనిషిని రెండుసార్లు లెక్కపెడుతోందని, సరిచేయవలసిందని, ఈ సంగతి పరీక్ష రోజునే చెప్పకపోవడం నా పొరపాటని.

పొద్దున్న బందరులో బయల్దేరి సాయంత్రం బందరులోనే దిగాను కాబట్టి, ఆ యంత్రం లెక్క ప్రకారం ఈ ప్రయాణం జరగలేదు. జరిగిందని చెప్పడానికి పామర్రు బస్సులో ఇచ్చిన రెండు సున్నా టిక్కెట్లు పుస్తకంలో అంటించి పెట్టాను. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. కొత్త బండి వచ్చిన ప్రతిసారీ దాన్ని ఎక్కి చూడండి. కానీ లోపల తెర ఉంటే దాని వంక ఒకసారి చూసి, మీరున్నారో లేదో సరిచూసుకోండి.

ఉత్తరం కవరులో పెట్టి, స్టాంపు అంటించి, గూట్లో ఉంచాను. తేదీ వేయలేదు. ఇన్నేళ్ళలో నేను తేదీ వేయకుండా రాసిన ఉత్తరం ఇదొక్కటే. నేను కళ్ళారా చూసిన రెండు వందల పదకొండు మందిని ఆ కన్ను వదిలేసింది. గంపల పేరున అదనంగా పడే అంకెలతో వాళ్ళంతా తిరిగి లెక్కలోకి వచ్చిన రోజున తేదీ వేసి పోస్టు చేస్తాను. అయిదూ ఇరవైకి మళ్ళీ బస్సెక్కాలి, ఎక్కిన చోటే దిగాలి, గీతలు గీయాలి.

పడుకునేముందు పుస్తకంలో రెండు వందల పదకొండు కొట్టేసి, కింద రెండు వందల పది అని రాశాను.